టెడ్డీ వెనక ఉన్న ఎలుగుబంటి

శ్రోతలందరికీ నమస్కారం.

మొన్న రాత్రి మా పాప టెడ్డీకి చెవి ఊడిపోతే సూదీ దారం పట్టుకుని కూర్చున్నాను. పాత కుట్టు విప్పగానే లోపలి దూది వేళ్లకు అంటుకుంది, పాపేమో పక్కనే కూర్చుని "మెల్లగా అమ్మా, దానికి నొప్పేస్తుంది" అంటోంది. ఆ మాటకు నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది, ఎందుకంటే ఈ బొమ్మ వెనక నిజంగా నొప్పి పడ్డ ఎలుగుబంటి ఒకటుంది.

1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ అడవులకు వేటకెళ్లాడు. వేట నడిపించింది హోల్ట్ కోలియర్, బానిసగా పుట్టిన నల్లజాతి మనిషి, ఎలుగుల వేటలో ఆరితేరినవాడు. ఆయన కుక్కలతో తరిమి తరిమి ఒక ఎలుగును చిక్కించుకున్నాడు, అది ఒక కుక్కను చంపేసేసరికి తుపాకీతో దాని తలమీద కొట్టి, చెట్టుకు కట్టేసి, అధ్యక్షుడికి కబురు పెట్టాడు. కట్టేసిన జంతువును నేను కాల్చను అన్నాడు రూజ్‌వెల్ట్.

అందరూ కథను ఇక్కడే ఆపేస్తారు. కానీ అప్పటికే అది దెబ్బలు తిని ఉంది, దాని బాధ తీర్చేయమని ఆయనే చెప్పాడు, కత్తితో చంపేశారు.

నవంబరు 16న వాషింగ్టన్ పోస్ట్‌లో క్లిఫర్డ్ బెర్రీమన్ ఈ సంఘటన మీద కార్టూన్ వేశాడు. ఆ తర్వాత మళ్లీ గీసిన బొమ్మల్లో ఎలుగు ఇంకా చిన్నదై, గుండ్రటి కళ్లతో, ముద్దొచ్చే పిల్లలా తయారైంది. అది చూసి బ్రూక్లిన్‌లో మిఠాయి కొట్టు నడిపే మోరిస్ మిచ్‌టమ్, ఆయన భార్య రోజ్ గుడ్డతో ఎలుగుబంటిని కుట్టి కొట్టు అద్దాల్లో పెట్టారు. టెడ్డీ అన్నది రూజ్‌వెల్ట్‌ను జనం పిలుచుకునే ముద్దుపేరు, ఆయనకేమో ఆ పిలుపు నచ్చేది కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే జర్మనీలోని గీంగెన్ ఊళ్లో కూడా ఒక ఎలుగు తయారైంది. అక్కడి మార్గరెట్ స్టైఫ్‌కు చిన్నప్పుడే పోలియో వచ్చింది, చక్రాల కుర్చీలోనే బతుకంతా. సూదులు గుచ్చి పెట్టుకోవడానికని ఆవిడ కుట్టిన చిన్న ఏనుగులను పిల్లలు ఆడుకోవడానికి పట్టుకుపోయేవారు, ఆవిడ బొమ్మల కంపెనీ అలా మొదలైంది. మేనల్లుడు రిచర్డ్ చేసిన ఎలుగును 1903లో లైప్‌జిగ్ సంతలో పెడితే, ఒక అమెరికా వ్యాపారి ఏకంగా 3,000 కావాలన్నాడు.

నేను చెవి కుట్టడం పూర్తిచేసేసరికి పాప నిద్రపోయింది. టెడ్డీని పక్కన పడుకోబెట్టాను. కొంచెం పెద్దయ్యాక ఈ కథంతా చెప్తాను, కోలియర్ పేరుతో, ఆ కత్తితో సహా.