పోర్ట్ వైన్ పోర్టోలో తయారవదండీ!

పోర్చుగల్ ట్రావెల్ వీడియో ఏది తెరిచినా ఒకటే సీను. పోర్టో నగరంలో రిబేరా పేట దగ్గర డోరో నది ఒడ్డున నిలబడి, ఎదురుగా కనిపించే ఎర్ర పెంకుల గోదాముల వైపు చెయ్యి చూపించి, "ఇదే పోర్టో, పోర్ట్ వైన్ తయారయ్యేది ఇక్కడే" అనేస్తారు. రెండూ తప్పే. ఆ చూపించేది పోర్టో కాదు, అవతలి ఒడ్డున ఉన్న విలా నోవా ద గాయా. దాని మున్సిపాలిటీ కూడా వేరే. ఇక ద్రాక్ష తోటలు, వైన్ తయారీ అంటారా, డోరో నది వెంట తూర్పుకి సుమారు వంద కిలోమీటర్లు వెళ్తే గానీ కనిపించవు.

[స్క్రీన్ మీద మ్యాప్]

గుంటూరు మిర్చి తీసుకోండి. ఆ కాయలన్నీ గుంటూరు టౌన్‌లో పండుతున్నాయా? పల్నాడులోనో ప్రకాశంలోనో పండి, టిక్కీల్లో యార్డుకొచ్చి, రేటు నచ్చితే అమ్ముడై, నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పడతాయి. బయటివాళ్లకి మాత్రం అంతా గుంటూరు మిర్చే. సరిగ్గా అదే ఇక్కడ. పోర్టో ఒకప్పుడు ఓడలెక్కించిన యార్డు, గాయా కోల్డ్ స్టోరేజీ.

స్టోరేజీ అక్కడే ఎందుకు? డోరో లోయలో వేసవి మండిపోతుంది. గాయాకి అట్లాంటిక్ దగ్గర, పైగా ఉత్తరం వైపు దిగే వాలు, కాబట్టి చల్లగా, తేమగా ఉండి పీపాల్లో వైన్ నిదానంగా ముదురుతుంది. మిర్చిని రంగు మారకుండా దాస్తాం, వీళ్లు వైన్‌ని మారడం కోసమే దాస్తారు, అదొక్కటే తేడా. 1986 దాకా ఎగుమతి సరుకు గాయా నుంచే వెళ్లాలన్న రూల్ కూడా ఉండేది.

మరి అంత దూరం నుంచి పీపాలు ఎలా వచ్చేవి? గాయా ఒడ్డున కట్టేసి ఉండే రబేలో పడవల్ని ఒకసారి దగ్గర నుంచి చూడండి. అడుగు చదునుగా ఉంటుంది, రాళ్ల మధ్య లోతు తక్కువ నీళ్లలోనూ జారిపోయేలా. వెనకాల మంచెలాంటి ఎత్తు అరుగు ఒకటి ఉంటుంది. పీపాలు పేర్చాక ముందు దారి కనపడదుగా, అందుకని చుక్కాని పట్టేవాడు దాని మీద నిలబడి, పడవంత పొడవున్న తెడ్డు తిప్పేవాడు. రైలొచ్చి, రోడ్లొచ్చి, నది మీద డ్యాములు కట్టాక ఆ పని పోయింది. ఇప్పుడవి కంపెనీల బోర్డులు మోస్తున్నాయి. నాకైతే జాలేస్తుంది.

తయారీ సంగతి. ద్రాక్షరసం పులుస్తుండగా, రెండు మూడు రోజులకే 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష స్పిరిట్ పోసేస్తారు. రసాన్ని పులియబెట్టే ఈస్ట్ చచ్చిపోతుంది, పులియడం ఆగిపోతుంది, అది తినాల్సిన చక్కెర మిగిలిపోతుంది. అందుకే అంత తీపి, అందుకే 19 నుంచి 22 శాతం ఘాటు. "పంచదార కలుపుతారా?" అని అడిగేవాళ్లకి ఇదే జవాబు.

కల్తీ కథ కూడా మిర్చి కథే. మిరప్పొడికి రంగు కలిపే మహానుభావులున్నట్టే అక్కడ ఎల్డర్‌బెర్రీ పళ్లరసం కలిపి ముదురు రంగు తెప్పించేవాళ్లు. పేరు చెడుతోందని అప్పట్లో పోర్చుగల్‌ని నడిపిన మంత్రి మార్క్విస్ ఆఫ్ పొంబాల్ 1756లో మొదలుపెట్టి ఏ నేల పంట పోర్ట్‌కి పనికొస్తుందో హద్దులు గీయించి, రాతి స్తంభాలు పాతించి, ఆ ఎల్డర్‌బెర్రీ చెట్లు పీకించేశాడు. గుంటూరు సన్నం మిర్చికి జీఐ ట్యాగ్, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు అనే గుర్తింపు, వచ్చింది కదా, ఆ పని వాళ్లు రెండున్నర శతాబ్దాల ముందే చేశారు.

అన్నట్టు, రెండు ఊళ్లనీ కలిపే డోం లూయిస్ బ్రిడ్జిని "ఐఫిల్ టవర్ ఐఫిలే కట్టాడు" అనడం కూడా ఆపండి. 1886 నాటి ఆ డిజైన్ ఆయన పాత భాగస్వామి సేరిగ్‌ది. ఐఫిల్ కంపెనీ కట్టింది దానికి ఎగువన ఉన్న మరియా పియా రైలు వంతెన, 1877లో.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. పోర్ట్ రకాల్లో రూబీ అంటే పెద్ద తొట్లలో కొన్నాళ్లే ఉంచింది, ఎరుపు, పళ్ల రుచి. టానీ చిన్న పీపాల్లో ఏళ్లకేళ్లు ఉండి గోధుమ రంగుకి తిరుగుతుంది, బాదం వాల్‌నట్ వాసన. వింటేజ్ రెండేళ్లు పీపాలో, మిగతా జీవితం సీసాలో. ఏది తాగాలో గాయాలో అడిగితే ఖరీదైనదే చెప్తారు, ముందు పదేళ్ల టానీ అడగండి.

తోటలు చూడాలంటే పోర్టోలోని సావ్ బెంతో స్టేషన్‌లో రైలెక్కి పిన్యావ్‌లో దిగండి, రెండున్నర గంటల దారి. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టండి, నది అటే ఉంటుంది. మొదటి గంట ఏమీ కనపడదు, నన్ను తిట్టకండి.