కాయ లేని జవాబు
(అనంతపురంలో చీనీ, వేరుశనగ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

మీ వెబ్‌సైటుకు తోడుగా ఒక చర్చావేదిక పెట్టాలనుకుంటున్నారని, దానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో చెప్పాలని నన్ను పిలిచారు. ఫోనులో పెద్దాయన అడిగింది ఒక్కటే: "ఒక పేరు చెప్పండి సార్, చాలు." పేరు చెప్పేసి ఉంటే ఇంత ఎండలో నాకు ప్రయాణం తప్పేది. చెప్పలేదు, ఎందుకంటే ఈ పనిలో నా చేతులు ఒకసారి కాలాయి.

కొన్నేళ్ల కిందట నేనూ ఇలాంటి వేదిక ఒకటి నడిపాను. పీహెచ్‌పీబీబీ అనే సాఫ్ట్‌వేర్ మీద. 2000లో మొదలైంది, ఉచితం, చవక హోస్టింగ్ మీద, అంటే సైటును ఉంచే అద్దె చోటు మీద, కూడా నడుస్తుంది. రాసినవన్నీ దాచే డేటాబేస్‌కు నెలనెలా నకలు తీసి పెట్టుకునేవాణ్ణి, చాలా జాగ్రత్తపరుణ్ణని నా మీద నాకు గురి. ఒకరోజు వేదికను నడిపే కంప్యూటరు, అదే సర్వరు, పోయింది. పోతే పోయిందిలే అని నకలు తెచ్చి కొత్తచోట పెట్టాను. రాసిన ప్రతి మాటా తిరిగి వచ్చింది. ఫోటోలు మాత్రం ఒక్కటీ రాలేదు. ఆ సాఫ్ట్‌వేర్ మాటలను డేటాబేస్‌లో పెడుతుంది, జతచేసిన ఫోటోలను విడిగా ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. ఆ ఫోల్డర్‌ను నేను ఏనాడూ ముట్టుకోలేదు. "ఈ కాయ మీద మచ్చ ఏమిటి?" అని ఒక రైతు అడిగాడు. "ఇది మంగు, నల్లి వల్ల వస్తుంది, ఫోటోలో ఎడమవైపు గమనించండి" అని అనుభవం ఉన్న మరొకాయన ఓపికగా రాశాడు. ప్రశ్న మిగిలింది, జవాబు మిగిలింది, కాయ పోయింది. ఎడమవైపు ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

అందుకే ఏ సాఫ్ట్‌వేర్ అయినా నేను మొదట అడిగేది దాని అందచందాల గురించి కాదు. ఇందులో దాచింది మొత్తంగా బయటికి తీసుకుపోగలనా అని. ఆ తర్వాత, ఐదేళ్ల కింద చెప్పిన జవాబు ఈ రోజు వెతికితే దొరుకుతుందా అని.

వాట్సాప్ గ్రూపు ఉండగా ఇదంతా ఎందుకని మీలో కొందరికి అనిపిస్తూ ఉండవచ్చు. ఆ గ్రూపులో 1,024 మంది దాకా ఉండవచ్చు, వేగంగా జవాబు వస్తుంది, కాదనను. కానీ శుభోదయాల కింద, పెళ్లి పత్రికల కింద ఆ జవాబు సాయంత్రానికల్లా పూడిపోతుంది. ఆకులు పసుపెక్కితే ప్రతి ఏడూ అదే ప్రశ్న, అదే పెద్దాయన మళ్లీ మొదటినుంచి చెప్పాలి. తెలుగు వికీపీడియావాళ్లు తమ చర్చలు జరిగే పేజీకి 'రచ్చబండ' అని పేరు పెట్టుకున్నారు. మన ఊరి రచ్చబండ మీద మాట పొద్దుపోయేసరికి గాలికి పోయేది, వాళ్ల రచ్చబండ మీద పాత చర్చలన్నీ ఇప్పటికీ చదవవచ్చు. మనకు కావలసింది ఆ రెండోది.

ఇక వెతకడం సంగతి. తెలుగులో నడిపే వేదికలు తడబడేది ఇక్కడే, అందుకని కాస్త ఆగి చెబుతాను. మీరు చీనీ అంటారు, పక్క ప్రాంతం వాళ్లు బత్తాయి అంటారు. వేరుశనగను ఒకరు శనక్కాయ అంటారు, ఒకరు పల్లీ అంటారు. కదిరి-6 రకాన్ని ఒకరు 'కదిరి ఆరు' అని, ఒకరు 'కె-6' అని రాస్తారు. యంత్రానికి ఇవన్నీ వేర్వేరు వస్తువులు. పీహెచ్‌పీబీబీతో వచ్చే మామూలు వెతుకుడు మూడు అక్షరాలకన్నా చిన్న మాటను పట్టించుకోదు. అక్షరాలంటే మన లెక్కలో కాదు, యూనికోడ్ లెక్కలో, అంటే కంప్యూటరు ప్రతి అక్షరానికీ గుణింతపు గుర్తుకూ విడివిడిగా ఇచ్చే సంకేతాల లెక్కలో. 'కె' అంటే క ఒకటి, ఎత్వం ఒకటి, మొత్తం రెండు. కనుక కె-6 అని వెతికితే ఖాళీ చేతులే. ఇంకో తమాషా ఉంది. మొత్తం పోస్టుల్లో నూటికి ఐదుకు మించి కనిపించే మాటను అది 'మరీ సాధారణం' అని పక్కన పెడుతుంది. చీనీ రైతుల వేదికలో 'చీనీ' కన్నా సాధారణమైన మాట ఏముంటుంది! ఈ రెండు అంకెలూ నిర్వాహకుడి పేజీలో మార్చుకోవచ్చు, రెండోదాన్ని సున్నా చేస్తే సరిపోతుంది. కానీ అవి ఉన్నాయని తెలియాలి కదా. తెలియనివాళ్లు తెలుగులో వెతకడం కుదరదని తేల్చేసి వెళ్లిపోతారు.

మన భాషలో విభక్తుల గొడవ కూడా ఉంది. చీనీకి, చీనీలో, చీనీతోట, అన్నీ కలిపి రాస్తాం. కాబట్టి మాట మొదలు ఇస్తే మిగతాది పట్టుకోగల వెతుకుడు కావాలి.

2013లో వచ్చిన డిస్కోర్స్ అనే సాఫ్ట్‌వేర్ ఈ మధ్య ఎక్కువమంది వాడుతున్నారు. అదీ ఉచితమే, కానీ బరువు ఎక్కువ. చవక హోస్టింగ్ మీద ఎక్కదు, కనీసం ఒక జీబీ మెమొరీ ఉన్న సొంత సర్వరు అద్దెకు తీసుకోవాలి, రెండు జీబీ అయితే నిశ్చింత. ఫోనులో చదవడానికి హాయిగా ఉంటుంది. చర్చ దేని గురించో చెప్పే చీటీలాంటి ట్యాగుకు పర్యాయపదాలు ఇవ్వవచ్చు, బత్తాయి అని పెట్టినా చీనీ కిందికే చేరుతుంది. నకలు తీస్తే డేటాబేస్, ఫోటోలు కలిపి ఒకే ఫైలుగా చేతికి ఇస్తుంది. నా పాత గాయం మీద అది మందులా పనిచేసిందని ఒప్పుకుంటాను.

దానికీ దాని చాదస్తాలు ఉన్నాయి. ఇరవై అక్షరాలు లేని జవాబును తోసిపుచ్చుతుంది. 'ధన్యవాదాలు' అని రాస్తే యూనికోడ్ లెక్కన పదే, చాలదంటుంది. కొత్త సభ్యుడు ఒక పోస్టులో ఒక్క ఫోటోనే పెట్టగలడు. ప్రకటనలవాళ్లను ఆపడానికి పెట్టిన కట్టుబాటు అది, మంచిదే. కానీ ఆకు తెగులు చూపాలంటే పైవైపు ఒకటి, అడుగువైపు ఒకటి కావాలి. ఈ అంకెను మూడో నాలుగో చేసుకోండి. తెలుగులో శీర్షిక పెడితే లింకులో ఆ శీర్షిక కనిపించదు. కనిపించేలా మార్చవచ్చు గానీ, వాట్సాప్‌లో పంపితే ఒక్కో యూనికోడ్ అక్షరం తొమ్మిది గుర్తులుగా విచ్చుకుంటుంది, 'తెలుగు' అన్న చిన్న మాటే యాభైనాలుగు గుర్తులవుతుంది. వదిలేయడమే మేలు.

ఫ్లేరమ్ ఉంది, తేలిక, చూడముచ్చటగా ఉంటుంది, 2021లో మొదటి స్థిరమైన వెర్షన్ వచ్చింది. జెన్‌ఫోరో డబ్బు పెట్టి కొనేది. మనకు అవసరం లేదు.

అసలు చిక్కు ఈమెయిల్‌తో వస్తుంది. సభ్యుడిగా చేరాలంటే మెయిలుకు వచ్చిన లింకు నొక్కాలి. మన రైతు ఫోనులో గూగుల్ ఖాతా ఉంటుంది, దాన్ని తెరిచి చూసిన పాపాన పోడు. పైగా కొత్త సర్వరు పంపే మెయిళ్లు స్పామ్‌లో పడతాయి. గూగుల్ ఖాతాతో నేరుగా లాగిన్ అయ్యే ఏర్పాటు మొదటిరోజే పెట్టండి. ఇది చెయ్యకుండా ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ తెచ్చినా గుమ్మం దగ్గరే జనం ఆగిపోతారు.

చట్టం గురించి ఒక ముక్క. ఇతరులు రాసినదానికి వేదిక నడిపేవారికి ఐటీ చట్టం 79వ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది, షరతులతో. 2021 నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు సైటులో కనబడాలి, ఫిర్యాదు అందినట్లు 24 గంటల్లో తెలపాలి, నిబంధనల్లో చెప్పిన గడువులోగా తేల్చాలి. ఆ పేరు ఎవరిదో ఈ రోజే అనుకోండి. రైతు వేషంలో పురుగుమందు అమ్మడానికి వచ్చేవాళ్లు తప్పకుండా వస్తారు, వాళ్ల పోస్టు తీసేసినప్పుడు మొదటి ఫిర్యాదు కూడా వాళ్లదే.

పెద్దాయన అడిగిన పేరు ఇప్పుడు చెబుతాను. సర్వరు చూసుకోగల కుర్రవాడు మీలో ఒక్కడైనా ఉండి, నెలనెలా అద్దె కట్టగలిగితే డిస్కోర్స్. లేకపోతే పీహెచ్‌పీబీబీ, ఫోటోల ఫోల్డర్‌ను కూడా నకలు తీస్తామని నాకు మాట ఇస్తేనే. రెండూ ఈ లాప్‌టాప్‌లో పెట్టి తెచ్చాను, రెండింటిలోనూ మీ గ్రూపులోని నలభై పాత ప్రశ్నలు ఎక్కించాను. టీ తాగి వచ్చి ఒక్కొక్కరు మీకు తోచిన మాటతో, మీరు రోజూ రాసే తప్పులతో సహా, వెతికి చూడండి. ఎక్కడ దొరకలేదో నేను పక్కన కూర్చుని రాసుకుంటాను.