షుగరు ఉన్న పిల్లి, సంక్రాంతి ప్రయాణం, ఒక కెమెరా ఫీడర్

నమస్కారమండి. చెప్పవలసిన మాట ముందే చెప్పేస్తాను. ఈ బల్ల మీద కనిపిస్తున్న తెల్లటి యంత్రం, కెమెరా ఉన్న ఆటోమేటిక్ ఫీడర్, దాన్ని తయారు చేసినవాళ్లే ఉచితంగా పంపించారు. డబ్బు ఇవ్వలేదు. వీడియో పెట్టే ముందు తమకు చూపించమన్నారు. కుదరదన్నాను. సరేనన్నారు. అక్కడితో మర్యాదలు పూర్తయ్యాయి.

ఇందులో ఎన్ని అరలున్నాయి, కెమెరా ఎంత స్పష్టం, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది వంటి వివరాలు మీరు ఈపాటికి నాలుగైదు వీడియోల్లో చూసే ఉంటారు. వాటి జోలికి వెళ్లను. మా ఇంట్లో షుగరు ఉన్న పిల్లి ఉంది. పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి ఇన్సులిన్ పడాలి. సంక్రాంతికి రాజమండ్రి వైపు వెళ్లకపోతే మా అమ్మ ఊరుకోదు. ఈ పెట్టె మీద ఏమో ‘నిశ్చింతగా ప్రయాణించండి’ అని ఇంత పెద్ద అక్షరాలతో రాశారు. ఆ నిశ్చింత ఏపాటిదో చూడాలని దీన్ని పెట్టుకున్నాను.

పిల్లి పేరు బెల్లం. నవ్వకండి. ఒంటి రంగు చూసి పెట్టిన పేరు, షుగరు తర్వాత వచ్చింది. జంతువుల ఆసుపత్రిలో కాంపౌండర్ గట్టిగా ‘బెల్లం, షుగరు కేసు’ అని పిలిచినప్పుడల్లా వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూస్తారు. ఇంకో పిల్లి మిరియం. నల్లగా ఉంటుంది, ఆరోగ్యం భేషుగ్గా ఉంటుంది, ఎవరి గిన్నె ఎవరిదన్న పట్టింపు ఏమాత్రం లేదు. ఈ రివ్యూలో మిరియానికి పెద్ద పాత్రే ఉంది.

ముందు బాగున్నది చెబుతాను. అరల కింద ఐసు జెల్ ప్యాకులు పెట్టుకోవచ్చు కాబట్టి తడి ఆహారం కొన్ని గంటలు పాడవకుండా ఉంటుంది. షుగరు పిల్లులకు పిండి పదార్థం తక్కువ ఉన్న తడి ఆహారమే మేలని డాక్టర్లు చెబుతారు. మార్కెట్లో ఉన్న ఫీడర్లలో చాలావాటికి ఎండు గింజలు తప్ప మరొకటి పోయడానికి వీల్లేదు. నేను అంతకుముందు వాడినది కూడా అటువంటిదే. సీసా బోర్లించినట్టు ఉండేది, గిన్నె ఖాళీ అయితే పైనుంచి గింజలు జారేవి. రోజంతా తినడమే పనిగా పెట్టుకున్న పిల్లికి అది స్వర్గం, షుగరు పిల్లికి శాపం. దానితో పోలిస్తే ఇది ఎంతో నయం. మధ్యాహ్నం ఒక చిన్న ముద్ద, అర్ధరాత్రి ఒక చిన్న ముద్ద పెట్టే పని దీనికి అప్పగించవచ్చు. మూత అంచు గట్టిగా మూసుకుంటుంది కాబట్టి మూసి ఉన్న అరల్లోకి చీమలు రాలేదు. తెరిచిన అర సంగతి మాత్రం చీమలకూ మిరియానికీ మధ్య పోటీ.

ఇక నా గొడవ మొదలు. దయచేసి కాస్త ఓపిక పట్టండి, దీని మీద చాలాసేపు మాట్లాడబోతున్నాను.

సమయానికి అర తెరుచుకుంటుంది. వెంటనే ఫోనులో గంట మోగుతుంది. ‘బెల్లం భోజనం పూర్తయింది’ అని యాప్ చెబుతుంది. పేరు మనం ఇచ్చిందే, పక్కన పచ్చరంగులో టిక్కు కూడా ఉంటుంది. ఎవరండీ పూర్తి చేసింది? తెరుచుకున్నది మూత. యంత్రానికి తెలిసింది అంతవరకే. పిల్లి వచ్చిందా, వాసన చూసి వెళ్లిపోయిందా, సగం తిన్నదా, పక్కనున్న నల్లది వచ్చి నాకేసిందా అన్నది దానికి తెలియదు. తెలియనప్పుడు ‘వడ్డించాను’ అని ఊరుకోవాలి. వంటింట్లో గిన్నె పెట్టి ‘అందరూ తిన్నారు’ అని ఊరంతా చాటింపు వేయడం ఏమిటి?

మామూలు పిల్లి అయితే ఇది చిన్న చిరాకు. ఒక పూట తినకపోతే సాయంత్రం తింటుంది. షుగరు పిల్లి విషయంలో తిన్నదా లేదా అన్న ఒక్క ప్రశ్న మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. తినని పిల్లికి మామూలు మోతాదు ఇన్సులిన్ పొడిస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది. నడక తూలుతుంది, నీరసంగా పడుకుండిపోతుంది, మరీ దిగితే ఫిట్స్ వస్తాయి. పొడిచే మనిషి ఆ పచ్చ టిక్కు చూసి సూది అందుకుంటే? పెట్టె మీద రాసిన నిశ్చింత ఇదా?

కెమెరా ఉంది కదా, చూసుకోవచ్చు కదా అంటారు. చూశాను. కెమెరా సరిగ్గా పిల్లి ముఖానికి ఎదురుగా ఉంది. తల దించగానే తెర అంతా నుదురే. గిన్నె కనిపించదు. నుదుటిని బట్టి ఎంత తిన్నదో లెక్కగట్టే విద్య నాకు రాదు. మిరియం వచ్చినప్పుడైతే తెర పూర్తిగా నల్లబడుతుంది. రాత్రిపూట అది మిరియమా, కరెంటు పోయిందా అన్నది కూడా చెప్పలేం. నిజంగా కరెంటు పోతే బ్యాటరీ మీద మూత తిరుగుతుంది కానీ, ఇంట్లో వైఫై ఉండదు కాబట్టి మనకు కబురు అందదు.

ఇంట్లో రెండు పిల్లులున్నవాళ్లకు మెడ దగ్గర చర్మం కింద వేయించిన గుర్తింపు మైక్రోచిప్ చూసి మూత తెరిచే గిన్నెలు వేరే ఉన్నాయి, ష్యూర్‌ఫీడ్ వంటివి. చిప్ సరిపోకపోతే మూత తెరవదు. దొంగతనం సమస్య దానితో చాలావరకు తీరుతుంది. ఈ యంత్రంలో ఆ ఏర్పాటు లేదు. గిన్నె కింద తూకం కూడా లేదు. వంటింటి తూకం యంత్రం ఎంత చవకగా దొరుకుతుందో మనకు తెలియనిది కాదు. ఆ ముక్క దీని కింద పెట్టి ఉంటే, ముందు ఇంత ఉంది, ఇప్పుడు ఇంత ఉంది అని చెప్పేది. దాని బదులు ఏం పెట్టారో తెలుసా? మన గొంతు రికార్డు చేసే సౌకర్యం. భోజనం వేళకు యంత్రం మన గొంతుతో పిల్లిని పిలుస్తుంది. నేను ‘బెల్లం, దా నాన్నా, తిందువు గానీ’ అని రికార్డు చేశాను. పిల్లి నా కోసం సోఫా కింద, మంచం కింద, తలుపు వెనక వెతికింది. అన్నం ముట్టలేదు. ఆలోపు మిరియం తన పని కానిచ్చేసింది. నా ఫోనులో మాత్రం పచ్చ టిక్కు.

కాబట్టి మనిషి కావాలి. మనిషి సంగతి మాట్లాడుకుందాం.

పిల్లుల్ని ఉంచుకునే హాస్టళ్లు హైదరాబాదులో ఉన్నాయి. సంక్రాంతికి సగం నగరం ఊళ్లకు బయలుదేరుతుంది కాబట్టి చాలా ముందుగా అడగాలి. షుగరు అనగానే కొందరు వెనక్కి తగ్గుతారు. తగ్గినవాళ్ల మీద నాకు కోపం లేదు, ‘అన్నీ చూసుకుంటాం లెండి’ అని ఒక్క ప్రశ్నయినా అడగని వాళ్లంటేనే నాకు భయం. ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త చోటికి వెళ్తే పిల్లులకు బెదురు, ఆ బెదురుకే రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ అంకె చూసి మోతాదు మార్చేస్తే ఇంటికి వచ్చాక ఇబ్బంది. అందుకే డాక్టర్ పర్యవేక్షణ తప్పనిసరి అయితే తప్ప, పిల్లిని ఇంట్లోనే ఉంచి మనిషిని రప్పించడం నాకు ఇష్టం.

మాకు పక్కింటి పిన్ని గారు దొరికారు. ఆవిడ తనకు తానే ఇన్సులిన్ పొడుచుకుంటారు. సూదంటే భయం లేదు, వేళ తప్పరు, తినకుండా పొడుచుకుంటే ఏమవుతుందో ఒకరు చెప్పక్కర్లేదు. మన ఊళ్లలో ప్రతి వీధిలో ఇటువంటి పిన్ని గారు ఒకరుంటారు. షుగరు పిల్లి ఉన్నవాళ్లు ముందు వెతకవలసింది యాప్‌లో కాదు, పక్కింట్లో.

అయితే ఒక్క ప్రమాదం ఉంది. ఇది ఈ వీడియోలో అన్నిటికన్నా ముఖ్యం. మన దేశంలో మనుషులకు అమ్మే ఇన్సులిన్ సీసాల్లో చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటి సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. మా బెల్లానికి వాడే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లు. దాని సిరంజికి నారింజ రంగు మూత. 100 మందును ఎర్ర మూత సిరంజిలో ఒక యూనిట్ గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది రెండున్నర యూనిట్లు. పిల్లికి ఇచ్చేదే యూనిట్, యూనిటున్నర. ఆ తేడా ఏం చేస్తుందో మీరే ఊహించండి. కొన్ని పిల్లులకు 40 రకం ఇన్సులినే రాస్తారు, దాన్ని నారింజ మూత సిరంజితో లాగితే లెక్క తలకిందులవుతుంది, మందు తక్కువ పడుతుంది. మీ సీసా మీద ఏ అంకె ఉందో, సిరంజి మీద అదే అంకె ఉండాలి. పిన్ని గారింట్లో ఉన్నవన్నీ ఎర్ర మూతలే. అందుకే మా సిరంజిలు మా ఇంట్లోనే, మా ఫ్రిజ్ పక్కనే, ఒక డబ్బాలో పెట్టి ‘ఇవి తప్ప వేరేవి వద్దు’ అని రాశాను. ‘నా దగ్గర బోలెడున్నాయి, ఎందుకు కొనడం’ అని ఆవిడ అన్నారు. మంచి మనసుతో అన్న మాటే. మీ పిన్ని గారు కూడా అంటారు. ముందే చెప్పి ఉంచండి.

ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాను. తిన్నాకే సూది. తినకపోతే సూది ముట్టకుండా ముందు ఫోను చేయాలి, మాకు దొరక్కపోతే డాక్టర్‌కు. పొడిచామో లేదో అనుమానం వస్తే, లేదా పొడుస్తుండగా పిల్లి కదిలి మందు బొచ్చు మీద కారిందనిపిస్తే, రెండోసారి పొడవకూడదు. ఒక పూట తప్పితే చక్కెర కాస్త పెరుగుతుంది, రెండు మోతాదులు పడితే ప్రాణం మీదికి వస్తుంది. పొడిచిన వెంటనే కాగితం మీద వేళ రాయాలి. తూలితే తేనె గానీ, గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లు గానీ వేలితో చిగుళ్లకు రాయాలి, ఫిట్స్‌లో ఉంటే నోట్లో పోయకూడదు, రాస్తూనే ఆసుపత్రికి బయలుదేరాలి. మీ డాక్టర్ పద్ధతి కొంచెం వేరుగా ఉండవచ్చు. తినని రోజు ఎంత ఇవ్వాలి, అసలు ఇవ్వాలా అన్నది ప్రయాణానికి ముందే ఆయన చేత రాయించుకోండి.

పిన్ని గారు నా కాగితానికి ఇంకోటి చేర్చారు. ఇసుక పెట్టెలో మూత్రపు ముద్దలు పెద్దవయ్యాయా, నీళ్ల గిన్నె తొందరగా ఖాళీ అవుతోందా అని రోజూ రాశారు. షుగరు పెరిగితే మొదట కనిపించేవి అవే. ఆవిడకు ఎవరూ చెప్పలేదు, తన ఒంటి అనుభవం.

మరి చక్కెరను ఎప్పటికప్పుడు కొలిచే సెన్సర్ ఒంటికి అంటించవచ్చు కదా అని చాలామంది అడుగుతున్నారు. మనుషుల కోసం చేసిన ఫ్రీస్టైల్ లిబ్రేను పిల్లులకు కూడా డాక్టర్లు వాడుతున్నారు. ఒంటి మీద కొంత జుట్టు గొరిగి అంటిస్తారు. లెక్క ప్రకారం 14 రోజులు పనిచేయాలి, పిల్లి ఒప్పుకోవాలి కదా, చాలాసార్లు ముందే ఊడుతుంది. మొదటి తరం లిబ్రేలో మరో సంగతి కూడా ఉంది. ఎవరైనా ఫోను దగ్గర పెట్టి చదివించుకునేదాకా సెన్సర్ తన దగ్గర దాచుకునేది 8 గంటల లెక్కే. మనిషి వచ్చేది 12 గంటలకు ఒకసారి. మధ్యలో నాలుగు గంటల సమాచారం పోతుంది. ఆ నాలుగు గంటల్లో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఇంట్లో ఉండి గమనించడానికి అది మంచి వస్తువు. ఊరు వెళ్లినప్పుడు దాని మీదే భారం వేయలేం. చెవి అంచున గుచ్చి చూసే మీటర్ అయినా, మనుషుల మీటర్ పిల్లి రక్తంలో చక్కెరను ఉన్నదాని కన్నా తక్కువగా చూపిస్తుంది. జంతువుల కోసం ఆల్ఫాట్రాక్ వంటివి వేరే ఉన్నాయి. పిన్ని గారిని చెవి గుచ్చమని నేను అడగలేదు. సూది వరకు ఆవిడ, చెవి జోలికి వెళ్లవద్దన్నది మా ఒప్పందం.

సూదే లేకుండా మందు రాదా అంటే, వచ్చింది. అమెరికాలో 2022 డిసెంబరులో బెక్సాక్యాట్ అనే మాత్రకు, 2023 ఆగస్టులో సెన్వెల్గో అనే ద్రవానికి అనుమతి ఇచ్చారు. రోజుకు ఒకసారి నోటి ద్వారా ఇస్తారు. అక్కడ మన తెలుగువాళ్లు పిల్లిని వదిలి ఇండియాకు వచ్చేటప్పుడు ఆశగా అడుగుతుంటారు. కానీ అవి అంతకుముందు ఇన్సులిన్ వాడని పిల్లులకే. మాలాగా ఇప్పటికే సూదితో ఉన్నవాళ్లకు ఆ దారి లేదు.

సరే, యంత్రం దగ్గరకు వద్దాం. పండుగ రోజుల్లో ఇది మా ఇంట్లో నడిచింది. మధ్యాహ్నం, అర్ధరాత్రి ముద్దలు పెట్టింది, ఒక్కసారి కూడా మూత ఇరుక్కోలేదు. పొద్దున, రాత్రి భోజనం మాత్రం పిన్ని గారే చేత్తో పెట్టి, మిరియాన్ని పడకగదిలో వేసి తలుపు మూసి, బెల్లం తినేదాకా పక్కన కూర్చుని, ఖాళీ గిన్నెను ఫోటో తీసి పంపారు. ఆ ఫోటో చూశాకే నాకు అరిసె రుచి తెలిసింది. యంత్రం కూడా తన పచ్చ టిక్కులు పంపుతూనే ఉంది. రెండో రోజుకు దాని గంట ఆపేశాను.

ఆరోగ్యంగా ఉన్న పిల్లి ఒక్కటే ఉండి, ఒక రాత్రి బయట గడపవలసి వస్తే ఇది బాగానే పనికొస్తుంది, కొనుక్కోండి. షుగరు పిల్లి ఉంటే ఆ డబ్బు చూసుకునే మనిషికి ఇవ్వండి, డబ్బు తీసుకోరంటే మంచి చీర కొనండి. మా పిన్ని గారు తీసుకోలేదు, చీర తీసుకున్నారు.

కంపెనీ వాళ్లతో ఫోనులో మాట్లాడాను. గిన్నె కింద తూకం పెట్టమన్నాను, అది కుదరకపోతే ‘భోజనం పూర్తయింది’ అన్న మాట తీసేసి ‘మూత తెరిచాం’ అని మార్చమన్నాను. మొదటిది ఖర్చుతో కూడినదన్నారు, రెండోది పరిశీలిస్తామన్నారు. ఒక వాక్యం మార్చడానికి పరిశీలన దేనికో నాకు అర్థం కాలేదు. మార్చిన రోజున ఇదే యంత్రం మీద ఇంకో వీడియో పెడతాను. ఈలోపు మీ ఇంట్లో షుగరు పిల్లి ఉంటే, ఏ ఇన్సులిన్, ఏ సిరంజి వాడుతున్నారో కింద రాయండి, మూత రంగుతో సహా.