తాడు మీద 22 ఉంటే మంచిదా, 8.6 ఉంటే మంచిదా?

నమస్తే అండి. కొబ్బరి చెట్లెక్కే దింపు కార్మికుల కోసం ఏ తాడు కొనమంటారని అంబాజీపేట, అమలాపురం వైపు రైతులు అడుగుతున్నారు. కర్ణాటకలోని బాదామికి రాక్ క్లైంబింగ్‌కి వెళ్తున్నాం, మంచి తాడు చెప్పన్నా అని భీమవరం కాలేజీ కుర్రాళ్ళు అడుగుతున్నారు. ఇద్దరికీ ఒకే తాడు చెప్పలేను. ఎందుకో చూడండి.

ఇదిగో, ఈ తెల్ల తాడు 11 మిల్లీమీటర్ల లావు. దీని కాగితం మీద 22 కిలోన్యూటన్లు అని ఉంది. ఈ ఎర్ర తాడు 9.8. దీని మీద 8.6 కిలోన్యూటన్లే. 22 ఉన్నదే గట్టిది కదా అనిపిస్తుంది. కానీ ఆ రెండు అంకెలూ చెప్పే సంగతులు వేరండి. 22 అనేది తాడు తెగకుండా ఆగే బలం. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 100 కిలోల బరువు, కాబట్టి 2,200 కిలోలు. అది ఎంత ఎక్కువుంటే అంత మంచిది. 8.6 మాత్రం, మనిషి పడినప్పుడు తాడు ఆపిన క్షణంలో ఒంటికి తగిలే కుదుపు. అది తగ్గేకొద్దీ మంచిది.

ఎర్రది డైనమిక్ తాడు, అంటే పడినప్పుడు సాగి కుదుపు తగ్గించేది. ఈఎన్ 892 అనే యూరప్ ప్రమాణం పరీక్ష పాసైంది. అందులో 2.8 మీటర్ల తాడుకి 80 కిలోల బరువు కట్టి 4.8 మీటర్లు పడేస్తారు. మొదటి కుదుపు 12 కిలోన్యూటన్లు దాటకూడదు. కనీసం 5 సార్లు తెగకుండా నిలవాలి. దీని మీద 7 అని ఉంది. అంటే ఏడుసార్లు పడ్డాక పారేయమని కాదు. కొండ మీద అంత గట్టి దెబ్బ అరుదు. కుర్రాళ్ళూ, తాడు చివర సున్నాలో 1 అని ఉందో లేదో చూసుకోండి. అర అని ఉంటే అది జంటగా వాడే తాడు, ఒక్కటే కట్టుకుని ఎక్కకూడదు.

తెల్లది ఈఎన్ 1891 అనే ఇంకో యూరప్ ప్రమాణం తాడు, అందులో ‘A’ టైపు. పెద్దగా సాగదు. చెట్టు పైన నిలబడి గెల కోసే మనిషికి అదే కావాలి, ఊగిపోకుండా ఉంటాడు. ప్రమాదమల్లా తాడు వదులుగా ఉంటేనే. 2 మీటర్ల తాడుని మానుకి కట్టి, ఆ ముడి దాటి 2 మీటర్లు పైకెళ్ళి జారితే 4 మీటర్లు పడతాడు. పడిన దూరాన్ని తాడు పొడవుతో భాగిస్తే 2. దాన్నే ఫాల్ ఫ్యాక్టర్ అంటారు. తాడు పొట్టిదైనా దెబ్బ చిన్నదవదు. సాగని తాడు మీద ఆ కుదుపుకి, తాడు తెగకపోయినా నడుము విరగొచ్చు. అందుకే ముడి ఎప్పుడూ నడుముకి పైనే, బిగువుగా ఉండాలి. మట్టకి అసలు కట్టొద్దు.

నర్సాపురంలో పడవలకి కట్టే ప్లాస్టిక్ తాడు చాలదా అని ఒకరు రాశారు. వద్దండి. ఒరిపిడికి వేడెక్కి కరుగుతుంది.

మన దగ్గర తేమ ఎక్కువ. ఈ తాళ్ళలోని నైలాన్ తడిస్తే బలం తగ్గుతుంది, కాబట్టి తడిసినా, మంచినీళ్ళతో కడిగినా నీడలో బాగా ఆరేయండి. ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్న గదిలో మాత్రం పెట్టొద్దు. యాసిడ్ లోపల పోగుల్ని తినేసినా పైకి ఏమీ కనబడదు. ఇది నాకు అన్నిటికన్నా భయం.

షాపులో చుట్ట నుంచి తెల్ల తాడు కోసిస్తే, కోసిన చివర ఇలా విప్పి చూడండి. లోపల సన్నటి రిబ్బన్ ఉంది కదా? ఈఎన్ 1891 తాడులో అది పొడుగునా ఉంటుంది. కంపెనీ పేరు, టైపు, తయారైన సంవత్సరం దాని మీదే ఉంటాయి. రిబ్బన్ లేకపోతే తీసుకోకండి. ఉండి, తయారై 10 ఏళ్ళు దాటితే, చుట్ట విప్పకుండా ఉంచినదైనా వద్దని చెప్పండి.