ఫిలోడిస్ ట్యూమర్: మైటోసిస్ లెక్కలో ఎక్కడ తప్పుతున్నాం?

[స్క్రీన్ మీద: ఒకే గడ్డ, రెండు రిపోర్టులు]

ఫిలోడిస్ అంటే రొమ్ములో అరుదుగా వచ్చే గడ్డ. ఇక్కడ గడ్డ ఒకటే. ఒక ల్యాబ్ బార్డర్‌లైన్ (మధ్యరకం) అంది, ఇంకో ల్యాబ్ మలిగ్నెంట్ (క్యాన్సర్) అంది. ఎవరు తప్పు? ఇద్దరూ సరిగ్గానే లెక్కపెట్టి ఉండొచ్చు. నాకు చిరాకు తెప్పించేది కూడా ఇదే.

ఫిలోడిస్‌ని వరి పొలంలా చూడండి. గట్లు ఎపిథీలియం, అంటే నాళాల లోపలి పొర. మడిలో పైరు స్ట్రోమా, అంటే దాని చుట్టూ ఉండే కణజాలం. గడ్డ తిరగబెడుతుందా లేదా అన్నది పైరు చూసి చెప్పాలి, గట్లు చూసి కాదు.

మైటోసిస్, అంటే రెండుగా చీలుతున్న కణాలు, కొత్త పిలకలు. పది మళ్ళలో ఆరు పిలకలున్నాయన్నారు, సరే. మడి ఎన్ని సెంట్లు? అది చెప్పకుండా ఆరు అంటే ఏం అర్థమవుతుంది? "పది హైపవర్ ఫీల్డ్స్‌కి ఇన్ని" అని రాయడం కూడా అంతే. హైపవర్ ఫీల్డ్ అంటే మైక్రోస్కోప్‌లో 40 ఎక్స్ ఆబ్జెక్టివ్ (స్లైడ్ వైపు లెన్స్) పెడితే ఒకసారికి కనిపించే గుండ్రటి చోటు.

[స్క్రీన్ మీద: లెక్క]

ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్స్) మీద ఉండే ఫీల్డ్ నంబర్‌ని 40తో భాగించండి. 20 ఉంటే వ్యాసం 0.5 మిల్లీమీటర్లు, పది ఫీల్డ్స్ కలిపితే దాదాపు 2 చదరపు మిల్లీమీటర్లు. 26 ఉంటే వ్యాసం 0.65, పది ఫీల్డ్స్‌కి 3.3. చదరపు మిల్లీమీటరుకి 3 మైటోసిస్ ఉన్న గడ్డ మొదటి మైక్రోస్కోప్‌లో 6 చూపిస్తుంది, రెండోదాంట్లో 10. పదికి చేరితే మలిగ్నెంట్ గీత! అందుకే 2019 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణలో చదరపు మిల్లీమీటర్ల లెక్క కూడా ఇచ్చారు: 2.5 లోపు బినైన్ (క్యాన్సర్ కానిది), 5 లోపు బార్డర్‌లైన్, 5 నుంచి మలిగ్నెంట్.

అయితే ఈ అంకె ఒక్కదాన్నే పట్టుకుని మలిగ్నెంట్ అనకూడదు. స్ట్రోమా కిక్కిరిసి ఉండాలి, ఎటిపియా (కణాల రూపం చెడిపోవడం) బాగా ఉండాలి, ఓవర్‌గ్రోత్ (స్ట్రోమా ఒక్కటే పెరిగిపోవడం) ఉండాలి, అంచులు చొచ్చుకుపోవాలి. అన్నీ కలిస్తేనే. పిలకలు ఎన్ని ఉన్నా మిగతావి లేకపోతే బార్డర్‌లైనే. ఒక్క మినహాయింపు: ఆస్టియోసార్కోమా లాంటి వేరే జాతి సార్కోమా స్ట్రోమాలో కనిపిస్తే నేరుగా మలిగ్నెంట్.

ఓవర్‌గ్రోత్ దగ్గర ఇంకో పొరపాటు. 4 ఎక్స్ ఆబ్జెక్టివ్‌లో చూస్తే ఫీల్డ్ మొత్తంలో ఒక్క గట్టూ కనపడకూడదు, అంతా పైరే. దీన్ని 40 ఎక్స్ ఆబ్జెక్టివ్‌లో చూసి ఓవర్‌గ్రోత్ రాసేస్తుంటారు. మడి మధ్యలో కూర్చుంటే గట్టు ఎవరికి కనపడుతుంది చెప్పండి?

అంచులకొస్తే, పైరు పొలం హద్దు దాటి పక్కవాళ్ళ పొలంలోకి, అంటే కొవ్వులోకి నాలుకల్లా పాకిందా చూడాలి. సర్జన్ గడ్డను ఒలిచి తీసేస్తే ఆ నాలుకలు లోపలే ఉండిపోతాయి. కోసి తీసిన ముక్క బయటి అంచుకి ల్యాబ్‌లో ఇంకు వేస్తారు; ఆ అంచు దాకా ట్యూమర్ ఉందంటే తిరగబెట్టే అవకాశం పెరిగినట్టే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. 2012లో సింగపూర్ జనరల్ హాస్పిటల్ వాళ్ళు 605 కేసుల మీద నోమోగ్రామ్ (గడ్డ తిరగబెట్టే అవకాశాన్ని లెక్కగట్టే పట్టిక) కట్టారు. అందులో చివరికి లెక్కలోకి వచ్చినవి నాలుగే: ఎటిపియా, మైటోసిస్, ఓవర్‌గ్రోత్, మార్జిన్ (కోసిన అంచు). గడ్డ అంతా ఒకేలా ఉండదు కాబట్టి గడ్డ సైజులో సెంటీమీటరుకి కనీసం ఒక బ్లాక్ (పరీక్షకు కోసే ముక్క) తీయండి. కోర్ బయాప్సీలో, అంటే సూదితో తీసిన చిన్న ముక్కలో, గ్రేడ్ ఖాయం చేయకండి. సూది తగిలిన చోట ఫైబ్రోఅడినోమాలా (రొమ్ములో మామూలుగా వచ్చే క్యాన్సర్ కాని గడ్డలా) కనిపించవచ్చు. బినైన్ కూడా అదే చోట మళ్ళీ రావచ్చు, ఆ మాట పేషెంట్‌కి ముందే చెప్పాలి. మలిగ్నెంట్ పాకితే ఎక్కువగా ఊపిరితిత్తులకే, చంకలోని లింఫ్ గ్రంథులకు అరుదు. అందుకే ఎక్స్‌రే, సీటీ ఛాతీకి అడుగుతారు.