సంతకం పెట్టేవారు, సరసన కూర్చునేవారు

(మనస్తత్వ శాస్త్ర పరిశోధక విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ముందు వరుసలో గైడ్లు కూర్చున్నారు. వెనక వరుసల్లో స్కాలర్లు కూర్చున్నారు. మధ్యలో రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. దయచేసి ఎవరూ లేచి సర్దుకోవద్దు. నేను ఈరోజు మాట్లాడబోయేది ఆ ఖాళీ వరుసల గురించే.

అమెరికాలో మాజీ సైనికుల మానసిక ఆరోగ్యం మీద పరిశోధన నేర్పే ఫెలోషిప్ ఒకటుంది. అందులో రెండేళ్లు ఫెలోగా ఉన్నాను. ఆ తర్వాత పదకొండేళ్లుగా, వచ్చే ఫెలోలకు సూపర్‌వైజర్‌గా ఉంటున్నాను. కాబట్టి తిట్లు తిన్న అనుభవమూ ఉంది, తిట్టిన అనుభవమూ ఉంది. రెంటిలో ఏది కష్టమో చివరికి మీరే తేల్చుకోండి.

మన దగ్గర "గైడ్" అన్న ఒక్క మాటతో పని జరిగిపోతుంది. టాపిక్ ఇచ్చేది గైడే. అధ్యాయం దిద్దేదీ, హాజరు మీద సంతకం పెట్టేదీ, ఫెలోషిప్పు బిల్లు ముందుకు కదిలించేదీ, థీసిస్ ఎప్పుడు ఇవ్వాలో చెప్పేదీ గైడే. ఒక్కోసారి పెళ్లి సంబంధం చూసేది కూడా. నవ్వుతున్నారంటే ఇక్కడ అలాంటివారు ఉన్నారన్నమాట! ఇన్ని పనులు ఒకే మనిషి చేతిలో ఉంటే ఆ మనిషి దేవుడైనా కావాలి, లేదా మనం ఆయన్ని దేవుడిలా చూడాలి. రెండోదే మనకు అలవాటు.

నేను వెళ్లినచోట ఈ పనులను రెండుగా చీల్చి ఇద్దరికి పంచారు. సూపర్‌వైజర్ వేరు, మెంటార్ వేరు. మొదట్లో ఈ తేడా నాకు అర్థం కాలేదు. ఇద్దరూ పెద్దవాళ్లే, ఇద్దరూ నాకంటే ఎక్కువ చదివినవాళ్లే. ఇద్దరినీ పేరు పెట్టి పిలవమన్నారు. నోరు తిరగడానికే మూడు నెలలు పట్టింది.

కాస్త వెనక్కి వెళతాను. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున కోటీ అరవై లక్షల మంది పనిచేశారు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఆసుపత్రులు చాలలేదు, వైద్యులు అసలే చాలలేదు. వాళ్ల బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థను వీఏ అంటారు. అప్పట్లో దాని అధిపతి జనరల్ ఒమర్ బ్రాడ్లీ. 1946 జనవరి 30న వెలువడిన ఒక చిన్న విధాన పత్రం వీఏ ఆసుపత్రులను మెడికల్ కాలేజీలతో ముడిపెట్టింది. అదే ఏడాది 22 విశ్వవిద్యాలయాల నుంచి సుమారు 200 మంది మనస్తత్వ శాస్త్ర విద్యార్థులను తీసుకుని శిక్షణ మొదలుపెట్టారు. చదువు విశ్వవిద్యాలయంలో, రోగులు వీఏలో. ఒకే విద్యార్థికి రెండు ఇళ్లు, రెండు ఇళ్లలో ఇద్దరు పెద్దలు. ఈ ఇద్దరు పెద్దల పద్ధతికి బీజం అక్కడే పడిందని నా నమ్మకం.

తర్వాతి కథ మీ పాఠాల్లో ఉన్నదే. వియత్నాం యుద్ధం నుంచి వచ్చినవాళ్ల బాధకు 1980లో పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వెంటాడే మానసిక రుగ్మత) అన్న పేరు రోగ నిర్ధారణ గ్రంథంలోకి ఎక్కింది. 1989లో దానికోసం ఒక జాతీయ కేంద్రం ఏర్పడింది. 1996లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో మానసిక వ్యాధుల పరిశోధన, విద్య, చికిత్స కేంద్రాలు వచ్చాయి. వాటిని పొట్టిగా మిరెక్ అంటారు. నేను చెబుతున్న ఫెలోషిప్ ఈ కేంద్రాలదే. రెండేళ్లు. నాలుగింట మూడు వంతుల సమయం పరిశోధనకు, ఒక వంతు చికిత్సకు. మనస్తత్వ శాస్త్రం వైపు నుంచి చేరాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. నాకు ఆ కాగితం చేతికొచ్చేనాటికి 38 ఏళ్లు. నా తోటి ఫెలోలు నన్ను చూసి మొదటిరోజు సూపర్‌వైజర్ అనుకున్నారు.

అసలు సూపర్‌వైజర్ ఏం చేస్తారో ఒక సాయంత్రం చూపిస్తాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

చేరిన రెండో నెల. డెబ్బై దాటిన పెద్దాయన, వియత్నాంలో పనిచేసి వచ్చారు. భార్య పోయి ఏడాది. బతకాలని లేదని మెల్లగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు. అలాంటప్పుడు మేము సేఫ్టీ ప్లాన్ రాస్తాం. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతి అది. ఒకే కాగితం, ఆరు మెట్లు. ప్రమాదం దగ్గరపడుతోందని నాకు ఎలా తెలుస్తుంది, అప్పుడు నా అంతట నేను ఏం చేయగలను, ఎవరి మధ్యకు వెళ్లగలను, ఎవరిని సాయం అడగగలను, ఏ వైద్యులకు ఫోను చేయగలను. ఇవి అయిదు. ఆరోది, ఇంట్లో ప్రాణం తీయగల వస్తువును ఎలా దూరం పెట్టాలి. అన్నీ రోగి సొంత మాటల్లోనే రాయాలి. వీఏ అత్యవసర విభాగాలకు వచ్చినవారిలో ఈ కాగితంతోపాటు తర్వాత ఫోను చేసి పలకరించడం కూడా జరిగినచోట, ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన 45 శాతం తక్కువగా కనిపించిందని 2018లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

నేను అయిదు మెట్లూ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాను. ఆరో మెట్టు దగ్గర "తుపాకీ ఉంది, జాగ్రత్తగా ఉంచుకుంటానన్నారు" అని రాసి, సాయంత్రం అయిదింటికి సూపర్‌వైజర్ గదికి వెళ్లాను. ఆయన చదివారు. కలం తీయలేదు.

"జాగ్రత్తగా అంటే ఎక్కడ?"

తెలియదన్నాను.

"తూటాలు అందులోనే ఉన్నాయా, వేరే చోటా? తాళం ఉందా? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?"

తెలియదు.

"ఎందుకు అడగలేదు?"

నిజం చెప్పాను. తండ్రి వయసు మనిషిని పట్టుకుని, మీ ఇంట్లో ఏ వస్తువు ఏ సొరుగులో ఉందని గుచ్చి గుచ్చి అడగడానికి నాకు నోరు రాలేదు. మన పెంపకం అది. ఆయన నన్నేమీ అనలేదు. రోగి నంబరు కలిపి, ఫోను స్పీకరులో పెట్టి, నా వైపు జరిపారు. తాను కూడా గదిలో ఉన్నానని ఆ పెద్దాయనకు చెప్పి, ఆ తర్వాత నోరు మెదపలేదు. నేనే మాట్లాడాను. మధ్యలో నేను తడబడితే ఒక చీటీ మీద రెండు మాటలు రాసి నా ముందు పెట్టారు: "గదులు లెక్కపెట్టు." వంటగదిలో ఉందా? లేదు. హాలులో? లేదు. పడకగదిలో? కాసేపు నిశ్శబ్దం. మంచం పక్క సొరుగులో, నిండా తూటాలతో ఉంది.

పక్క వీధిలో ఉండే తమ్ముడు వచ్చి దాన్ని తీసుకుపోవడానికి ఆయన ఒప్పుకునేసరికి ఏడు దాటింది. తమ్ముడు వచ్చాడని ఫోనులో విన్నాకే నా సూపర్‌వైజర్ కలం తీశారు.

ఆరోజు రోగి రికార్డులో రాసిన కాగితం కింద రెండు సంతకాలు ఉన్నాయి. నాకు అప్పటికింకా సొంతంగా చికిత్స చేసే లైసెన్సు లేదు. ఆ రాత్రి ఏదైనా జరిగి ఉంటే జవాబు చెప్పుకోవలసింది ఆయన. అక్కడ ఏటా 6,000 మందికి పైగా మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకుంటున్నారు. పదింట ఏడు తుపాకీతో జరుగుతున్నవే. అందుకని "జాగ్రత్తగా" అన్న ఒక్క మాటతో ఆ సంతకం పడదు. సూపర్‌వైజర్ అంటే నాకు ఇప్పటికీ ఆ దృశ్యమే: తీయని కలం.

దీనికి లెక్క ఉంది, కాగితం ఉంది. వారానికి కనీసం 2 గంటలు ముఖాముఖి కూర్చోవాలి, ఆ గంటలు రాయాలి, ఆరు నెలలకోసారి నా మీద ఆయన, ఆయన మీద నేను మూల్యాంకనం రాయాలి. నా చికిత్స రికార్డింగులు ఆయన వింటారు. "ఇక్కడ అతను ఏడవబోయాడు, నువ్వు నీళ్లిచ్చావు. ఎవరి కోసం ఇచ్చావు?" అని అడుగుతారు. నాకోసమే ఇచ్చానని ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది.

మెంటార్‌కు ఈ లెక్కలేవీ లేవు. నా మెంటార్ వేరే భవనంలో ఉండేవారు. నా ఉద్యోగం మీద గానీ, నా మూల్యాంకనం మీద గానీ ఆమెకు ఏ అధికారమూ లేదు. గంటలు రాసేవారూ లేరు, రాయమనేవారూ లేరు. నా మొదటి గ్రాంటు దరఖాస్తు తిరిగొచ్చినప్పుడు ఆమె గదికి వెళ్లి, సమీక్షకులు సరిగ్గా చదవనే లేదని అరగంట వాదించాను. ఆమె విన్నారు. బీరువాలోంచి ఒక పాత కట్ట తీసి చేతిలో పెట్టి, ఇంటికి తీసుకెళ్లి చదువుకోమన్నారు.

అది ఆమె సొంత దరఖాస్తు మీద ఎప్పుడో వచ్చిన సమీక్ష. మార్జిన్లలో పెన్సిలుతో ఆమె రాసుకున్న మాటలున్నాయి. ఒకచోట "అబద్ధం". ఇంకోచోట "వీడు చదవలేదు". ఇంకొకటి ఇక్కడ చెప్పదగింది కాదు. వాటి కిందే నీలం సిరాతో, వేరే కాలంలో రాసిన అక్షరాలు: "నిజమే." మళ్లీ కొన్ని పేజీల తర్వాత: "ఇదీ నిజమే." పెన్సిలుకూ సిరాకూ మధ్య ఎంతకాలం గడిచిందో నేను అడగలేదు. మర్నాడు కట్ట తిరిగిచ్చి, నా సమీక్షను మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను.

ఇలాంటి కట్టను మీ భవిష్యత్తు నిర్ణయించే మనిషి మీ చేతికి ఇవ్వగలరా? ఇచ్చినా మీరు నిర్భయంగా చదవగలరా? నాకు అనుమానమే. అధికారం ఉన్నచోట ఇద్దరూ కొంచెం నటిస్తారు. అధికారం లేదు కనుకనే ఆమె తన ఓటమిని నాకు చూపగలిగారు. నేను నా అహంకారాన్ని ఆమెకు చూపగలిగాను.

రెండు పాత్రలూ ఒకే మనిషిలో కలిస్తే ఏమవుతుందో కూడా చూశాను. చోటు పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. అక్కడ నా చికిత్సను పర్యవేక్షించే మనిషే ఒక పెద్ద పరిశోధనకు ప్రధాన పరిశోధకులు. నేను రాయదలచుకున్న వ్యాసానికి కావలసిన దత్తాంశమూ వారి దగ్గరే ఉంది. అధ్యయనంలో చేరవలసినవారి సంఖ్య వెనకబడింది. నా దగ్గరికి వచ్చే ఒక మాజీ సైనికుడు అన్ని అర్హతలకూ సరిపోతాడు, కానీ చేరాలని లేదు. ఒకసారి వద్దన్నాడు. "ఇంకోసారి అడిగి చూడు" అన్నారు. ఒక్క మాటే. గొంతు పెంచలేదు, బెదిరించలేదు. కానీ ఆ మాట అన్నది నా సూపర్‌వైజరా, అధ్యయనం యజమానా, నా వ్యాసానికి సహరచయితా? నాకు తెలియలేదు. బహుశా వారికీ తెలియదు.

నేను రెండోసారి అడిగాను. అతను చేరాడు. సమ్మతి పత్రం మీద అతని సంతకం ఉంది, సాక్షి ఉన్నారు, తేదీ ఉంది. ఏ నైతిక సంఘం చూసినా వేలెత్తి చూపలేదు. అతను మాత్రం ఆ తర్వాత నాతో మాట్లాడే తీరు మారింది. ప్రశ్నలకు జవాబులు చెప్పేవాడు, అంతే.

ఇది వేరేవాళ్ల తప్పుగా చెప్పి ఊరుకుంటే సౌకర్యంగా ఉండేది. కానీ సూపర్‌వైజర్ అయిన నాలుగో ఏట నేనూ ఒక ఫెలోతో దాదాపు అదే మాట అన్నాను. ఆ అమ్మాయి తలూపింది. ఆ తలూపులో నన్ను నేను గుర్తుపట్టి, అదే వారం ఆమె చికిత్స పర్యవేక్షణను ఇంకొకరికి అప్పగించాను. ఆమె మొదట దాన్ని శిక్ష అనుకుంది. కాదని నచ్చజెప్పడానికి చాలా రోజులు పట్టింది. నచ్చిందో లేదో ఇప్పటికీ తెలియదు.

ఇక్కడ ఇద్దర్ని ఎక్కడ తెస్తామని గైడ్లు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కొక్కరి కింద ఎంతమంది స్కాలర్లున్నారో నాకు తెలుసు. కొత్త పోస్టులు నేను సృష్టించలేను. కానీ పక్క శాఖలోనో, పక్క విశ్వవిద్యాలయంలోనో మీ స్కాలర్ మీద ఏ అధికారమూ లేని ఒక మనిషిని వెతికి, నెలకోసారి వాళ్లిద్దరూ మీ గురించి మాట్లాడుకోవడానికి అనుమతించగలరా? మీ గురించి అంటున్నాను, థీసిస్ గురించి కాదు. కొంచెం గుండె ధైర్యం కావాలి, అంతకుమించి ఖర్చు లేదు.

చివరగా ఇంకొక సంగతి. మీలో కొందరు మన మాజీ సైనికుల మీద పనిచేయాలని అనుకుంటున్నారని విన్నాను. సంతోషం. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన ఊరు. అక్కడికి ప్రశ్నాపత్రాల కట్టతో బయలుదేరేముందు ఇది వినండి.

మా కేంద్రంలో పరిశోధన ప్రతిపాదనలను మాజీ సైనికుల బృందం కూడా చదువుతుంది. శాస్త్రవేత్తలు కారు. ఒకాయన బస్సు నడిపేవారు, ఒకామె సైన్యంలో నర్సుగా చేసి వచ్చారు. నా ప్రతిపాదన వాళ్ల ముందుకు వెళ్లినరోజు గణాంకాల గురించి ఎవరూ అడగలేదు. బస్సు నడిపే ఆయన ప్రశ్నాపత్రాల కట్టను చేత్తో బరువు చూసి, "ఇది నింపడానికి ఎంతసేపు పడుతుంది?" అన్నారు. ముప్పై నిమిషాలన్నాను. "మీరు నింపారా?" అన్నారు.

నింపలేదు. నా మెంటార్ పక్కనే ఉన్నారు. ఆమె నా తరఫున ఏమీ మాట్లాడలేదు. సమావేశం అయ్యాక రెండు కట్టలు, రెండు పెన్నులు తెచ్చి, ఖాళీ గదిలో నా పక్క కుర్చీలో కూర్చున్నారు. ఇద్దరం మొదలుపెట్టాం. నిద్ర, పీడకలలు, కోపం, మళ్లీ నిద్ర. మూడో కాగితం దగ్గర నేను లేచి నీళ్లు తాగి వచ్చాను. గడియారం చూస్తే యాభై నిమిషాలు దాటింది, ఇంకా అయిదు పేజీలున్నాయి. ఆమె ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయారు. రెండుసార్లు చదివారు. "ఎంత చెత్త ప్రశ్న" అన్నారు. ఎవరిదని అడిగాను.

"నాదే" అని, దాన్ని కొట్టేశారు.