గ్రిఫిన్ గుడ్డు ఎంతకిస్తారు?

(స్టూడియో చర్చకు అక్షర రూపం)

యాంకర్: నమస్కారం. ఈ వారం చర్చ వినేవాళ్లకి నవ్వు తెప్పించేది, ఆడేవాళ్లకి గొడవలు తెచ్చిపెట్టేది. బల్ల చుట్టూ కూర్చుని, డైస్ వేస్తూ, తలా ఒక పాత్ర ధరించి ఆడే ఫాంటసీ టేబుల్‌టాప్ ఆటలో సెషన్ సాఫీగా నడుస్తుంటుంది. ఒక ప్లేయర్ ఉన్నట్టుండి "నాకో గ్రిఫిన్ కావాలి, ఎంత?" అంటాడు. గ్రిఫిన్ అంటే గద్ద తల, రెక్కలు, సింహం ఒళ్లు ఉన్న కల్పిత జంతువు. ఆట నడిపే డంజన్ మాస్టర్, అంటే డీఎం, ఏ అంకె చెప్పాలి? స్టూడియోలో ముగ్గురున్నారు. 15 ఏళ్లుగా టేబుల్ నడుపుతున్న డీఎం గారు, ఆయన టేబుల్ దగ్గరే రేంజర్ అనే అడవి వేటగాడి పాత్ర ఆడే ప్లేయర్, బయట పశువైద్యురాలు, ఆటలో డ్రూయిడ్, అంటే ప్రకృతి మంత్రాల పూజారి అయిన డాక్టర్ గారు. డీఎం గారూ, పుస్తకంలో రేట్లున్నాయి కదా, చూసి చెప్పేస్తే పోలా?

డీఎం: ఉన్నవి మామూలు జంతువులకండీ. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ తీయండి. గాడిద 8 గోల్డ్, అంటే 8 బంగారు నాణేలు, పోనీ 30, సవారీ గుర్రం 75, ఏనుగు 200, యుద్ధాశ్వం 400. గ్రిఫిన్, పెగాసస్, గుడ్లగూబ తలున్న ఎలుగుబంటి ఔల్‌బేర్ లాంటివి ఆ పట్టికలోకే రాలేదు.

ప్లేయర్: వచ్చినవాటి ధరలే తిన్నగా లేవన్నా. హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బ తట్టుకుంటుందో చెప్పే అంకె, ఏనుగుకి 76, యుద్ధాశ్వానికి 19. ఎంత గట్టి ప్రత్యర్థో చెప్పే ఛాలెంజ్ రేటింగ్ ఏనుగుకి 4, గుర్రానికి అర. సగం ధరకి నాలుగింతల జంతువు దొరుకుతుంటే, పోయి గుర్రం కొనే నైట్‌ని ఏమనాలి?

డాక్టర్: బుద్ధిమంతుడనాలి.

(నవ్వులు)

డాక్టర్: నిజంగానే అంటున్నా. గుర్రం పుట్టుకతోనే బెదురు జంతువు. ఏదైనా చప్పుడైతే ముందు పరుగెడుతుంది, తర్వాత ఆలోచిస్తుంది. మంటలు, అరుపులు, రక్తం వాసన, వీటి మధ్య అది కదలకుండా నిలబడాలంటే ఓపిగ్గా, చాలాకాలం నేర్పాలి. సవారీ గుర్రం 75, యుద్ధాశ్వం 400. జాతి ఒకటే. మధ్యలో ఉన్న 325 ఎవరి సొమ్ము? ఎక్కువ భాగం నేర్పినవాడిది. ఆ 200 ఏనుగు యుద్ధం చూసిందని ఎక్కడా రాయలేదు. దాన్ని నడిపే మావటి కూడా ఆ ధరలో లేడు. మొదటి ఫైర్‌బాల్ మంత్రం పేలగానే అది ఎటు పరుగెడుతుందో, ఎవరిని తొక్కుతుందో మీరే ఆలోచించుకోండి.

ప్లేయర్: ఆ లెక్కన ఫైర్‌బాల్‌కి గుర్రమే ముందు పోతుంది మేడమ్. 8 డీ6, అంటే ఆరు ముఖాల డైస్ ఎనిమిది, సగటున 28 దెబ్బ. తప్పించుకోడానికి వేసే రోల్, అదే సేవ్, తప్పితే 19 హిట్ పాయింట్ల గుర్రం అక్కడికక్కడే. 400 గోల్డ్ ఒక్క రౌండ్‌లో బూడిద. దానికి ప్లేట్ కవచం తొడిగామనుకోండి, మనిషి కవచానికి నాలుగింతలు, అంటే 6,000. గుర్రం 400, దాని చొక్కా 6,000!

యాంకర్: ఆగండాగండి. గ్రిఫిన్ దగ్గరికి వద్దాం. అసలు ఏ ఎడిషన్‌లోనైనా దానికి ధర ఉందా?

డీఎం: ఉంది. 2003లో వచ్చిన మూడున్నర ఎడిషన్‌లో. గ్రిఫిన్ గుడ్డు 3,500, పిల్ల 7,000, పెంచి నేర్పడానికి ట్రైనర్‌కి 1,500. ముందు గద్ద, వెనక గుర్రం అయిన హిప్పోగ్రిఫ్‌కైతే గుడ్డు 2,000, పిల్ల 3,000, ట్రైనర్‌కి 1,000. పెగాసస్‌కీ అవే రేట్లు.

యాంకర్: పెగాసస్ అంటే రెక్కల గుర్రమేగా? గుడ్డు పెడుతుందా?

డీఎం: ఆ పుస్తకంలో పెడుతుంది.

యాంకర్: గాడిద గుడ్డు అంటే తిట్టనుకున్నాను ఇన్నాళ్లూ. గుర్రం గుడ్డుకి మార్కెట్ రేటు కూడా ఉందన్నమాట.

డాక్టర్: (నవ్వుతూ) ఆ అంకెల్లో నాకు నచ్చింది గుడ్డుకీ పిల్లకీ మధ్య తేడా. గ్రిఫిన్ గుడ్డు 3,500, పిల్ల సరిగ్గా రెట్టింపు. ఎందుకంటారు? గుడ్డు కొనేవాడు అందులో ప్రాణం ఉందో లేదో తెలియకుండా కొంటున్నాడు. వెచ్చదనం తగ్గితే పోతుంది, దారిలో కుదుపులకి పోతుంది, అసలు పిల్ల రాని గుడ్డే కావచ్చు. పిల్లని అమ్మేవాడు ఆ రిస్కంతా తన నెత్తిన వేసుకున్నాడు కాబట్టి రెట్టింపు అడుగుతాడు. నేను డీఎం అయితే గుడ్డు అమ్మేటప్పుడే డైస్ తెర వెనక, ప్లేయర్లకి కనబడకుండా వేస్తా. గుడ్డుని దీపం ముందు పట్టి చూస్తామని అడిగిన పార్టీకి, అంటే ప్లేయర్ల జట్టుకి, ఒక అవకాశం ఇస్తా. అడగకపోతే వాళ్ల ఖర్మ.

ప్లేయర్: దీపం ముందా?

డాక్టర్: చీకటిగదిలో గుడ్డు వెనక దీపం పెడితే లోపల రక్తనాళాలు ఎర్రగా సాలెగూడులా కనిపిస్తాయి. కోళ్లు పెంచేవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పనే. గూడు కనిపించకపోతే ఆ గుడ్డు ఆమ్లెట్‌కి తప్ప ఎందుకూ పనికిరాదు. గ్రిఫిన్ గుడ్డు పెంకు మందం కాబట్టి దీపం చాలదు, లైట్ స్పెల్ కావాలేమో.

డీఎం: ఇది రాసుకుంటున్నా.

యాంకర్: డీఎం గారూ, మీరెప్పుడైనా ఇలాంటిది అమ్మి దెబ్బతిన్నారా?

డీఎం: తిన్నా. మూడో లెవెల్ పార్టీకి, అంటే ఇంకా బలం పెరగని పాత్రలకి, హిప్పోగ్రిఫ్‌ని 500కి అమ్మేశాను. వాళ్ల దగ్గర ఉన్నదే 520. ముఖాలు చూస్తే జాలేసింది. ఆ తర్వాతి సెషన్ కోసం నేను రెండు వారాలు కూర్చుని ఒక లోయ తయారుచేశాను. తెగిన తాళ్ల వంతెన, అవతలి గట్టున విల్లుకాళ్లు, కింద నది, నదిలో ఏదో ఉందన్న అనుమానం. ఒక్కో పలకకీ ఎంత బరువు ఆగుతుందో కూడా రాసుకున్నా. సెషన్ మొదలైంది. జట్టులో దొంగ పాత్ర, రోగ్, హిప్పోగ్రిఫ్ ఎక్కాడు, తాడు పట్టుకెళ్లి అవతల చెట్టుకి కట్టొచ్చాడు. నాలుగు నిమిషాలు. నదిలో ఉన్నదేంటో ఈరోజుకీ వాళ్లకి తెలీదు.

ప్లేయర్: ఏంటన్నా అది?

డీఎం: చెప్పను. ఎప్పటికైనా వాడుకుంటా.

(నవ్వులు)

డీఎం: అప్పట్నుంచి ధర అడిగినప్పుడు నేను ముందు జంతువుని చూడను, మ్యాప్‌ని చూస్తా. ఇది పార్టీలోకి వస్తే నా మ్యాప్‌లో ఏమేం చెరిగిపోతాయి? గోడలు, నదులు, లోయలు, కాపలా బురుజులు. మూడో లెవెల్‌లో అవే నా ఆట. పదో లెవెల్‌లో మంత్రగాడు, అదే విజార్డ్, ఎలాగూ ఎగురుతున్నాడు, గ్రిఫిన్ వస్తే నాకు పోయేదేం లేదు. అదే జంతువు మూడో లెవెల్‌లో 9,000 అనిపిస్తుంది, పదో లెవెల్‌లో 2,000 కూడా ఎక్కువే.

ప్లేయర్: అంటే కొట్టువాడు మా లెవెల్ చూసి రేటు చెబుతాడా? మా క్యారెక్టర్ నుదుటిమీద రాసుంటుందా?

డీఎం: లేదులే. రేటు మారదు, దొరకడం మారుతుంది. మూడో లెవెల్‌లో మీరు తిరిగే ఊళ్లో గ్రిఫిన్ అమ్మేవాడే ఉండడు.

ప్లేయర్: మరి ఎగిరే చీపురు సంగతి? ఐదో ఎడిషన్, 2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్ ప్రకారం అది అన్‌కామన్, కొంచెం అరుదైన రకం వస్తువు, అంటే 101 నుంచి 500 గోల్డ్ లోపు. తిండి అడగదు, పేడ వేయదు, బెదరదు. అంత చవగ్గా ఎగరొచ్చని పుస్తకమే చెబుతుంటే గ్రిఫిన్‌కి 9,000 అడగడం అన్యాయం కాదా?

డాక్టర్: చీపురు మీకోసం కొరుకుతుందా?

ప్లేయర్: కొరకదు, కానీ...

డాక్టర్: గ్రిఫిన్‌కి 59 హిట్ పాయింట్లు, ఒక టర్న్‌లో రెండు దెబ్బలు, ఎగిరే వేగం 80 అడుగులు. చీపురుది 50, బరువెక్కితే 30. కానీ మీరన్నదాంట్లో విషయం ఉంది. చీపురుని మూలన పెట్టి మర్చిపోవచ్చు, గ్రిఫిన్‌ని మర్చిపోలేరు. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోనే చూడండి, జంతువుకి రోజు మేత 5 కాపర్, సాలలో కట్టేసినందుకు 5 సిల్వర్, అంటే అర గోల్డ్. ఏడాది కట్టేస్తే 182 గోల్డ్ దాటుతుంది. 75 గోల్డ్ సవారీ గుర్రానికి ఏటా రెండు గుర్రాల అద్దె! ఆ అంకె ఎవరూ కూడి చూడరు. గ్రిఫిన్ మేతతో సరిపెట్టుకోదు కదా, మాంసం తింటుంది. పుస్తకంలో మేక 1 గోల్డ్. రోజుకో మేక అంటే ఏడాదికి 365. పైగా దానికి అన్నిటికన్నా ఇష్టం గుర్రం మాంసం. పక్క సాలలో మీ నైట్ గారి 400 గోల్డ్ యుద్ధాశ్వం ఉంటుంది.

డీఎం: ఆ సాల యజమాని రేటు మూడింతలు చేస్తాడు, తప్పదు.

ప్లేయర్: లేదా తాళం వేసుకుని పారిపోతాడు.

యాంకర్: అసలు బయటి ప్రపంచంలో ఇలాంటి అరుదైన జంతువులకి ధరలు ఎలా ఉండేవి?

డాక్టర్: ఒక మంచి పట్టిక ఉంది. రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ క్రీ.శ. 301లో వస్తువులకి గరిష్ఠ ధరలు ప్రకటించాడు. అందులో సింహాలు కూడా ఉన్నాయి, అరెనాలో ఆడించడానికి. మేలురకం మగసింహం 1,50,000 దెనారీలు. పొలం కూలీకి భోజనం పెట్టి రోజుకి 25. అంటే ఒక సింహం 6,000 రోజుల కూలి, 16 ఏళ్ల పైమాటే. ఇప్పుడు దాన్ని ఆటలోకి తెచ్చుకోండి. ఐదో ఎడిషన్‌లో నైపుణ్యం లేని కూలీకి రోజుకి 2 సిల్వర్. 6,000 రోజులంటే 1,200 గోల్డ్. సింహానికి నా రేటు అదే. ఎవరన్నా వాదిస్తే చక్రవర్తిని అడగమంటా.

డీఎం: ఇది బాగుంది. అంకె ఎక్కడినుంచో ఊడిపడినట్టుండదు. ఆ ఊళ్లో కూలీవాడు ఎన్నేళ్లు పనిచేస్తే వస్తుందో చెబితే ప్లేయర్‌కి వెంటనే బరువు తెలుస్తుంది. గ్రిఫిన్ పిల్ల 7,000 అంటే అదే కూలీకి 35,000 రోజులు. ఒక మనిషి జీవితంలో అవవు. అలాంటిదాన్ని సంతలో బోనులో పెట్టి ఎవడు అమ్ముతాడు? దాన్ని కాపలా కాయడానికే ఒక దండు కావాలి.

డాక్టర్: అందుకే ఇలాంటి గొప్ప జంతువులు చాలాసార్లు రాజుల మధ్య కానుకలుగా నడిచాయి. 1514లో పోర్చుగల్ రాజు మనువేల్ పోప్ పదో లియోకి హన్నో అనే తెల్ల ఏనుగుని పంపాడు. రోమ్ అంతా దాని వెనకే. రెండేళ్లకి, 1516లో, దానికి జబ్బు చేసింది. వైద్యులు బంగారం కలిపిన విరేచనాల మందు వేశారు. అది చచ్చిపోయింది.

ప్లేయర్: కొండనాలుకకి మందేస్తే...

డాక్టర్: అంతే. వృత్తిపరంగా నాకిప్పటికీ కడుపు మండే కేసు అది. కానీ డీఎంకి అందులో పని ఉంది. రాజు ఇచ్చిన గ్రిఫిన్‌కి ధర లేదు, కానీ దాన్ని అమ్మలేవు, వదల్లేవు, అది చస్తే జవాబు చెప్పాలి. ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అంటారు కదా. కానుకగా వచ్చిన ఏనుగు చస్తే మీ తలే.

డీఎం: నేనైతే ఇక అలాగే చేస్తా. గ్రిఫిన్ కావాలా, కొండమీది గూడు దగ్గరికి వెళ్లండి, లేదా రాజుగారి మెప్పు పొందండి.

ప్లేయర్: ఇదిగో, ఇక్కడే నాకు మండుతుంది. ఏది అడిగినా క్వెస్ట్, అంటే ఓ సాహసయాత్ర, ఇస్తావన్నా. కత్తి కావాలంటే క్వెస్ట్, పడవ కావాలంటే క్వెస్ట్. ఆరు నెలలుగా డంజన్లు దోచి 11,000 గోల్డ్ పోగేశాను. హీలింగ్ పోషన్లు 50 చొప్పున ఎన్నని కొనను? ఒక్కసారి కొట్టులోకి దర్జాగా నడిచివెళ్లి, సంచి బల్లమీద గుమ్మరించి "దాన్ని విప్పండి" అనాలనుంటుంది. ఆ సరదా కూడా ఆటలో భాగమే కదా.

(కొద్దిసేపు మౌనం)

డీఎం: అది నిజమే. గోల్డ్ ఇచ్చేది నేనే, ఖర్చుపెట్టుకునే చోటు లేకుండా చేసేదీ నేనే.

డాక్టర్: పైగా విజార్డ్ 10 గోల్డ్ ధూపద్రవ్యాలు కాల్చి ఫెమిలియర్‌గా, అంటే మాయా తోడుజంతువుగా, గుడ్లగూబని పిలుచుకుంటాడు, చచ్చినా మళ్లీ 10 పెడితే వస్తుంది. దానికి మాత్రం ఎవరూ క్వెస్ట్ పెట్టరు.

యాంకర్: సమయం దగ్గరపడింది. మరి ఈయన గ్రిఫిన్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. డీఎం గారూ, మీ రేటు?

డీఎం: ఏ లెవెల్ నువ్విప్పుడు?

ప్లేయర్: ఏడు.

డీఎం: గుడ్డయితే 3,500. పిల్లయితే 7,000. ట్రైనర్‌కి 1,500, ఆరు వారాల పని, ఆ ఆరు వారాలూ మీ పార్టీ ఊళ్లోనే ఉండాలి. ఇలాంటి వింత జంతువులకి వేసే ఎగ్జాటిక్ జీను 60.

డాక్టర్: గుడ్డు తీసుకో. దీపం నేను పడతా.

ప్లేయర్: గుడ్డే. కానీ అన్నా, 5,000 ఇస్తున్నవాణ్ణి, జీను ఊరికే ఇవ్వొచ్చు కదా?

డీఎం: 60.

ప్లేయర్: ఏనుగుని అమ్మి అంకుశం దగ్గర పేచీ ఏంటన్నా?

డీఎం: పర్సుయేషన్ రోల్ చెయ్యి, ఒప్పించగలవేమో చూద్దాం.

(ప్లేయర్ జేబులోంచి 20 ముఖాల డైస్ తీసి బల్లమీద వేశాడు. 4 పడింది.)

డీఎం: 65.